గాజుతొట్టిలోని పగడములకు దీపము

పగడమనగానే తెలుగువారికి జ్ఞప్తికి వచ్చునది నవరత్నములలోని ఎర్రని పగడము. ఉంగరములలోను, మెడలోని పూసలలోను కనబడు ఆ పగడమునకు వెలుతురుతో పని లేదు. మధ్యధరా సముద్రములో లోతైన చోట్ల, చీకటి గుహల కప్పులను అంటిపెట్టుకొని అది పెరుగును. నీటిలో కొట్టుకొనివచ్చు సూక్ష్మజీవులను పట్టి తినును. ఉష్ణమండల సముద్రములలో దిబ్బలు కట్టు పగడముల సంగతి వేరు. అవియు జంతువులే. వానికిని నోరు, నోటి చుట్టు మీసముల వంటి స్పర్శాంగములు కలవు. కాని వాని బ్రతుకు ముఖ్యముగా సూర్యకాంతిపై ఆధారపడినది.

అమెరికా, జర్మనీ, జపాను మున్నగు దేశములలో ఈ రెండవ రకపు పగడములను ఇంటిలో గాజుతొట్టిలో పెంచుట చాలమందికి అభిరుచి. తొట్టిలో ఉప్పునీరు, సముద్రపు రాళ్లు, నీటిని కదలించు పంపు, కొద్దిపాటి చేపలు ఉండును. పగడముల నడుమ ట్రైడాక్నా అనెడి రాక్షస ఆల్చిప్పను కూడ ఉంచుదురు. తొట్టిపైన వ్రేలాడు దీపము అలంకారమునకు మాత్రమే కాదు. లోపలి జంతువులకు అదియే వంటయిల్లు. దీపమును ఎన్నుకొనుటలో పొరపాటు జరిగినచో పగడము ఆనాడే చావదు. వారములకొలది, నెలలకొలది మెల్లగా క్షీణించును. అందుచేతనే తప్పు దీపమునదని తోచుట కష్టము. మొదట నీటిని, పిమ్మట ఉప్పును, ఆ పిమ్మట చేపలను అనుమానించి, కట్టకడపట దీపము వైపు చూచుట పరిపాటి.

జంతువులో కాపురమున్న శైవలము

దిబ్బలు కట్టు పగడపు కణములలో గోధుమరంగు గల ఏకకణ శైవలములు నివసించును. పగడపు పైపొరను ఒక చదరపు సెంటీమీటరు మేర తీసికొని లెక్కించినచో ఇవి సుమారు పది లక్షలుండును. 1944 లో జపాను శాస్త్రజ్ఞుడు కవాగుటి ఇవి డైనోఫ్లాజెల్లేటులనెడి వర్గమునకు చెందినవని చూపెను. 1962 లో ఫ్రాయిడెంథాల్ వీనికి సింబియోడినియం అని పేరు పెట్టెను. ఆ ఒక్క పేరు క్రింద నిజమునకు పలు ప్రజాతులు కలవని తేలి, 2018 లో వానిని విడదీసిరి.

ఇవి పగడమునకు ఏమి చేయుచున్నవను ప్రశ్న మాత్రము చాలకాలము తెగలేదు. 1928-29 లో సి. ఎం. యంగ్ నాయకత్వమున బ్రిటిషు శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియా తీరమునందలి గ్రేట్ బారియర్ రీఫ్ పై ఒక చిన్న దీవిలో మకాముచేసి పరిశోధించిరి. పగడము మాంసాహారియనియు, శైవలములు దానికి ఆహారమునీయక వ్యర్థపదార్థములను తొలగించుటకు మాత్రమే తోడ్పడుచున్నవనియు యంగ్ తలంచెను. అంతటి పరిశీలకుడును ఇచట పొరబడెను. 1967 లో మస్కటీన్ పగడములనుండి, ఆల్చిప్పలనుండి శైవలములను వేరుచేసి, రేడియోధార్మిక కర్బనము సాయముతో అవి తయారుచేయు పదార్థములను వెంబడించెను. ఆతిథ్యమిచ్చు జంతువు కణజాలమును నూరి తీసిన రసమును కలిపినప్పుడు శైవలములు గ్లిసరాలును విరివిగా వెలికి విడిచినవి. అనగా శైవలము కిరణజన్య సంయోగక్రియలో వండినదానిలో పెద్దపాలు ఇంటి యజమానికి చెందుచున్నది. పగడము తన వంతుగా శైవలమునకు నీడను, బొగ్గుపులుసు వాయువును, నత్రజని గల వ్యర్థములను ఇచ్చుచున్నది.

వెలుతురు పగడపు ఎముకను కూడ కట్టును. వెలుతురులో పగడము సున్నపురాతిని పేర్చుకొను వేగము చీకటిలోని వేగమునకు సగటున మూడు రెట్లుండునని పలు పరిశోధనలను కలిపి చూచినవారు కనుగొనిరి. కావున దీపమును పెంచినచో తొట్టి నీటిలోని కాల్షియము, కార్బొనేటు కూడ త్వరగా ఖర్చగును. దీపమును మాత్రము మార్చి నీటిని మరచినవారికి ఇది ఆలస్యముగా తెలియును.

రాక్షస ఆల్చిప్పలో ఏర్పాటు మరింత విచిత్రమైనది. శైవలములు దాని కణములలోనికి పోవు. జీర్ణాశయమునుండి బయలుదేరిన సన్నని నాళములు చిప్పల అంచున పరచుకొనిన మెత్తని ప్రావారము లోనికి వ్యాపించును. శైవలములు ఆ నాళములలో నిలువు వరుసలుగా పేర్చబడియుండును. ఆల్చిప్ప పగటివేళ చిప్పలు తెరచి, ప్రావారమును ఎండలో విస్తరాకు వలె పరచును. ప్రావారముపై మెరయు నీలి, ఆకుపచ్చ చుక్కలు ఇరిడోసైటులనెడి కణములు. ఇవి అందమునకేయని చాలమంది అనుకొందురు. 2014 లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన ప్రకారము ఈ కణములు శైవలములకు పనికివచ్చు కాంతిని వెదజల్లి లోతునకు పంపును, పనికిరాని కాంతిని కొంత వెనుకకు త్రిప్పును. పై వరుస మాడిపోకుండ, క్రింది వరుస పస్తుండకుండ వెలుతురును పంచిపెట్టు ఏర్పాటిది.

సముద్రములోని వెలుతురు

దీపమును ఎన్నుకొనుటకు ముందు ఆ జంతువు పుట్టినచోట వెలుతురెట్లుండునో తెలియవలెను. కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చునది 400 మొదలు 700 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యము గల కాంతి. ఉష్ణమండలములో మబ్బులేని మధ్యాహ్నము సముద్రపు ఉపరితలముపై ఒక చదరపు మీటరుకు ప్రతి సెకనుకు సుమారు 2000 మైక్రోమోలుల కాంతికణములు పడును. కాంతికణమనగా ఫోటాను. ఒక మైక్రోమోలు అనగా 6 ప్రక్కన 17 సున్నలు పెట్టినంత సంఖ్య. శక్తితో గాక కణముల సంఖ్యతో కొలుచుటకు కారణము కలదు. 450 నానోమీటర్ల నీలికణములో 660 నానోమీటర్ల ఎర్రకణములో కంటె శక్తి సుమారు ఒకటిన్నర రెట్లు. కాని పత్రహరితమునకు చేరిన పిమ్మట రెండును ఒక కణముగనే లెక్కకు వచ్చును. ఎక్కువైన శక్తి వేడిగా పోవును.

నీరు ఈ కాంతిని సమానముగా పోనీయదు. 660 నానోమీటర్ల ఎరుపు శుద్ధమైన నీటిలో 5 మీటర్లు దిగుసరికి సుమారు ఎనిమిదవ వంతు మిగులును. 450 నానోమీటర్ల నీలము అదే 5 మీటర్లలో నూటికి అయిదు వంతులు మాత్రమే తగ్గును. అందుచేత దిబ్బపై పగడములకు చేరునది నీలము ప్రధానమైన వెలుతురు. వాని శైవలములలో పత్రహరితముల తోబాటు పెరిడినిన్ అను వర్ణకము కూడ ఉన్నది. అది నీలము మొదలు ఆకుపచ్చ వరకు గల భాగమును పట్టుకొనును. ఎరుపు లేని చోట బ్రతుకుటకు తగిన సామగ్రియిది.

తెలుగు తీరమున పెద్ద పగడపు దిబ్బలు లేకపోవుటకు కూడ ఈ వెలుతురు సంగతియే ఒక కారణము. గోదావరి, కృష్ణ తెచ్చు ఒండ్రు నీటిని మురికిచేయును. వరదనీరు ఉప్పదనమును తగ్గించును. లక్షద్వీపములు, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ భారతదేశమున దిబ్బలున్న ముఖ్యప్రదేశములు.

కన్ను చెప్పు సాక్ష్యము

దీపమును కొనువారు సాధారణముగా కంటితో చూచి "ఇది ప్రకాశవంతమైనది, అది మసకగా ఉన్నది" అని నిర్ణయింతురు. ఇక్కడనే మోసము జరుగును. మన కన్నునకు 555 నానోమీటర్ల పసిమి ఆకుపచ్చ కాంతి అన్నిటికంటె ప్రకాశముగా తోచును. 450 నానోమీటర్ల నీలమును కన్ను దానిలో నూటికి నాలుగు వంతులపాటి కూడ గుర్తింపదు. ల్యూమెను, లక్సు అను కొలతలు ఈ కంటి స్వభావమును అనుసరించి ఏర్పరచినవి.

ఒక లెక్క చూడవచ్చును. చదరపు మీటరుకు సెకనుకు 100 మైక్రోమోలుల కాంతి పడుచున్నదనుకొందము. అది ఎండ అయినచో లక్సు మీటరు సుమారు 5400 చూపును. అదే సంఖ్యలో 555 నానోమీటర్ల ఆకుపచ్చ కణములు పడినచో సుమారు 14,700 చూపును. 450 నానోమీటర్ల నీలికణములు పడినచో సుమారు 700 మాత్రమే చూపును. మూడు చోట్లను కణముల సంఖ్య ఒక్కటే. నీలి దీపము క్రింద లక్సు మీటరును నమ్మినవాడు, చాలినంత వెలుతురున్నను చాలదని భ్రమించి, దీపమును ఎనిమిది రెట్లు పెంచి పగడమును కాల్చివేయవచ్చును. పచ్చని తెల్లదీపము క్రింద అదే మీటరును నమ్మినవాడు దానిని పస్తుపెట్టవచ్చును.

వాట్టుల లెక్క కూడ ఇట్టిదే. వాట్టు విద్యుత్తు ఖర్చును చెప్పును, వెలుగును చెప్పదు. గాలను నీటికి ఇన్ని వాట్టులని అమెరికాలో పూర్వమొక సూత్రము ప్రచారములో నుండెను. పగడము పెరుగునది నీటి ఘనపరిమాణములో కాదు, దీపమునకు ఎదురుగనున్న వైశాల్యముపై. ఇక డబ్బాపై 6500 కెల్విను, 14,000 కెల్విను, 20,000 కెల్విను అని వ్రాసిన అంకెలు వెలుగు రంగును సూచించును. అంకె పెరిగినకొలది వెలుగు నీలముగా కనబడును. 20,000 అన్నంతమాత్రమున బలమైన దీపమని అర్థము కాదు. సరియైన కొలత కాంతికణముల మీటరు ఒక్కటే. దాని ఖరీదు ఎక్కువ కనుక అమెరికాలో అభిరుచిగలవారి సంఘములు పలుచోట్ల ఒక మీటరును కొని సభ్యులు వంతులవారీగా వాడుకొందురు. ఇది మెచ్చదగిన పద్ధతి.

ఎంత వెలుతురు కావలెను?

వెలుతురు పెరిగినకొలది కిరణజన్య సంయోగక్రియ పెరుగును. కాని ఎల్లకాలము పెరుగదు. మొదట ఒక బిందువున తయారైన ఆహారము శ్వాసక్రియకు సరిగా చెల్లిపోవును. అంతకు తక్కువైన వెలుతురులో పగడము ప్రతి గంటకు నష్టపడును. ఆ బిందువును దాటినను పగలు సంపాదించినది రాత్రికి కూడ చాలవలెను. మరికొంత వెలుతురు పెరిగిన పిమ్మట రేఖ చదునగును. శైవలములు ఇక వేగముగా వండలేవు. దానిని కూడ మించినచో హాని ప్రారంభమగును. పనికిరాక మిగిలిన శక్తి వలన చురుకైన ఆమ్లజని రూపములు ఏర్పడి కణములను గాయపరచును. అపుడు పగడము శైవలములను వెలికి నెట్టివేయును. రంగు పోయి తెల్లని ఎముక కనబడును. నీటి వేడి ఎక్కువైనప్పుడు ఇదే స్థితి తక్కువ వెలుతురులోనే వచ్చును. 1998 లో సముద్రము వేడెక్కి లక్షద్వీపములలోని పగడములు విస్తారముగా తెల్లబడినవి.

మెత్తని పగడములకు, పుట్టగొడుగు పగడములకు సాధారణముగా 50 నుండి 100 మైక్రోమోలులు చాలును. పెద్ద నోళ్లు, కండగల రాతిపగడములకు 100 నుండి 150. కొమ్మలుగా పెరుగు అక్రొపోరా వంటి వానికి 200 నుండి 400. ఆల్చిప్పలలో ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా క్రోసియా లోతులేని నీటిలో రాళ్లనంటి బ్రతుకునవి. వానికి కొమ్మపగడములంత వెలుతురు కావలెను. ట్రైడాక్నా స్క్వామోసా, ట్రైడాక్నా డెరాసా కొంత తక్కువతో సరిపెట్టుకొనును. అన్నిటికంటె పెద్దదైన ట్రైడాక్నా గిగాస్ మీటరుకు పైగా పెరిగి 200 కిలోగ్రాములను మించును కనుక దాని దీపమునుగూర్చి గృహస్థుడు చింతింపనక్కరలేదు.

ఒకే తొట్టిలో ఇన్ని అవసరములున్నను ఒక్క దీపము చాలును. తొట్టిలో వెలుతురు అంతట ఒక్కటిగా ఉండదు. దీపము నడిమి క్రింద, రాళ్ల పైభాగమున 300 ఉన్నచోట అడుగున మూలలలో 80 ఉండవచ్చును. కొమ్మపగడములను పైన, కండగలవానిని నడుమ, పుట్టగొడుగులను క్రిందను ఉంచుటయే ఉపాయము. ఇసుకపై కూర్చొను ఆల్చిప్పను ఎన్నుకొన్నవారు మాత్రము అడుగున ఎంత వెలుతురు చేరునో ముందుగా చూచుకొనవలెను.

వాట్టుల లెక్క పనికిరాదంటిమి కదా. మరి దీపము పరిమాణమును అంచనా వేయుట ఎట్లు? 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టి వైశాల్యము 0.72 చదరపు మీటరు. సగటున 200 మైక్రోమోలులు కావలెనన్నచో సెకనుకు 144 మైక్రోమోలులు నీటిలోనికి చేరవలెను. ఒక జౌలు విద్యుత్తుకు 2 మైక్రోమోలులు ఇచ్చు దీపము దొరికినదనుకొని, అందులో సగము గదిలోను గాజుపైనను వృథా అగుననుకొన్నచో 144 వాట్టుల దీపము కావలెను. జౌలుకు ఎన్ని మైక్రోమోలులని తెలుపని దీపమును ఈ లెక్కకు తేలేము.

ఎండనుండి ఎల్.ఇ.డి. వరకు

1961 లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ తన తొట్లను గూర్చి ఒక అమెరికా పత్రికలో వ్రాసెను. సముద్రమునుండి తెచ్చిన జీవమున్న రాళ్లు, గాలి బుడగలు, ఎండ: ఆయన సాధనములు ఇంతే. భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల దక్షిణమున ఉన్నవారికి దీపముతో పని లేకపోయెను. ఐరోపా చలికాలములో ఆ వసతి లేదు. అక్కడివారు మెటల్ హాలైడు దీపములను ఆశ్రయించిరి. వీధులకు, క్రీడాస్థలములకు వాడు ఈ దీపములు 150, 250, 400 వాట్టులలో దొరకును. చిన్న చోటినుండి తీక్ష్ణముగా వెలుగుట వలన నీటి అలలు ఇసుకపై కదలు వెలుగు గీతలను గీయును. లోతునకు వెలుతురు బాగుగా దిగును. వేడి మాత్రము విపరీతము. అతినీలలోహిత కిరణములను ఆపు గాజు లేనిదే కొన్నిటిని వెలిగింపరాదు.

సన్నని టి5 ఫ్లోరొసెంటు గొట్టములు వేరొక దారి. గొట్టము పొడవంతయు వెలుగుట వలన నీడలు తక్కువ. పగడపు కొమ్మల ప్రక్కలకు కూడ వెలుతురు చేరును. కాని లోపలి పూత క్రమముగా బలహీనమై, కంటికి తేడా తెలియకముందే వెలుగు తగ్గును. ఇంచుమించు ఏడాదికొకసారి మార్చవలసి వచ్చును. వీనిలో పాదరసము కూడ ఉన్నది.

1993 లో జపానులో నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని వెలువరించెను. దీనికి దారితీసిన కృషికి అకసాకి, అమానో, నకమురా ముగ్గురికి 2014 లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. తెల్లని గృహదీపములకు అది ఎంత మేలు చేసెనో అందరకు తెలియును. పగడముల అదృష్టమేమనగా నీలి ఎల్.ఇ.డి. సుమారు 450 నానోమీటర్ల వద్ద వెలుగును. శైవలములకు కావలసిన చోటునకు సూటిగా తగులును. వేడి నీటిపైకి గాక దీపము వెనుకకు పోవును. వెలుగును మీట త్రిప్పినట్లు తగ్గింపవచ్చును. దోషములును లేకపోలేదు. చిన్న కటకములతో వెలుగును ఇరుకుగా చేసినచో నడుమ 600, ప్రక్కన 60 అగును. వేర్వేరు రంగుల దీపములు వేర్వేరు నీడలను వేయును. వెడల్పుగా పరచిన దీపముల వరుస, నీలముతోబాటు తగినంత తెలుపు: క్రొత్తగా కొనువారికి నేడు ఇదియే మేలు. ఎరుపు ఎక్కువ అక్కరలేదు.

దీపమును ఎత్తునకు లేపినకొలది వెలుతురు తగ్గును. చిన్న బిందువు వంటి దీపమైనచో దూరము రెట్టింపైనప్పుడు తీవ్రత నాల్గవ వంతగును. పొడవైన దీపములకు ఈ సూత్రము అంత ఖండితముగా వర్తింపదు. తొట్టి గోడలు కూడ వెలుతురును లోపలికి త్రిప్పును. అర మీటరు నీటిలో నీలము తరుగుట స్వల్పము. నీరు పసుపు రంగు తిరిగినచో, దీపపు గాజుపై ఉప్పు పేరుకొన్నచో మాత్రము చాల పోవును. క్రొత్త దీపమును కొనుటకు ముందు పాతదానిని తుడిచి చూచుట ఖర్చులేని పని.

మంచి దీపమును తెచ్చి మొదటిరోజుననే పూర్తిగా వెలిగించుట పెద్ద పొరపాటు. సగము బలముతో ప్రారంభించి మూడు నాలుగు వారములలో పెంచవలెను. పగడము తన శైవలముల సంఖ్యను, వర్ణకములను మార్చుకొనుటకు ఆ మాత్రము వ్యవధి కావలెను. తక్కువ వెలుతురులో పగడము గోధుమరంగునకు తిరుగును, ఎక్కువైనచో పాలిపోవును. ఆల్చిప్ప ప్రావారమును కుదించుకొన్నను, దాని నడుమ తెల్లని మచ్చలు కనబడినను ఆ రోజే గమనింపవలెను. పగటి కాలము ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు చాలును.

ఈ విషయమును బడిలో పగడము లేకయే చూపవచ్చును. నీటిలో కొంచెము వంటసోడా కలిపి, హైడ్రిల్లా మొక్క కొమ్మను కోసిన చివర పైకుండునట్లు ముంచి, తెల్లని ఎల్.ఇ.డి. దీపమును 10, 20, 40 సెంటీమీటర్ల దూరమున ఉంచి నిమిషమునకు వచ్చు బుడగలను విద్యార్థులచే లెక్కింపించవలెను. పిమ్మట నీలి, ఆకుపచ్చ గాజుకాగితములను అడ్డుపెట్టి, సెల్‌ఫోనులోని లక్సు అంకెను, బుడగల సంఖ్యను ప్రక్కప్రక్కన వ్రాయించవలెను. రెండును ఒకే పాళ్లలో తగ్గవు. కన్నునకును మొక్కకును ఉన్న భేదము ఆ రెండు వరుసలలో బయటపడును.

నిజమైన పగడములతో ప్రయత్నింపదలచినవారు మాత్రము ఆగవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు రాతిపగడములన్నిటిని 2001 లో చేర్చిరి. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా కూడ ఆ షెడ్యూలులో ఉన్నవి. భారతదేశపు సముద్రమునుండి వీనిని తీయుట, అమ్ముట నేరము. ఇతర దేశములలో ముక్కలను విరిచి తొట్లలోనే పెంచిన పగడములు, పొదిగించి పెంచిన ఆల్చిప్పలు దొరకును. పలావు ద్వీపములో ఆల్చిప్పలను పొదిగించు కేంద్రము 1980 దశకమునాటికే పనిచేయుచుండెను. వీని అంతర్జాతీయ వ్యాపారమునకు కూడ అనుమతి పత్రములు కావలెను.

దీపములపై గడించిన ఈ అనుభవము ఇపుడు ఇండ్లను దాటినది. లండనులోని హార్నిమన్ మ్యూజియములో దిబ్బలున్నచోటి పగటి నిడివిని, ఋతువులనుబట్టి మారు నీటి వేడిని, వెన్నెల వృద్ధిక్షయములను దీపములతోను యంత్రములతోను అనుకరించి, అక్రొపోరా పగడములను తొట్టిలోనే అనుకొన్న కాలమునకు గ్రుడ్లు విడుచునట్లు చేసిరి. ఆ ఫలితములు 2017 లో వెలువడినవి. ఫ్లోరిడా తీరమున రోగము వలన స్తంభపగడములు అంతరించుచుండగా, 2019 ఆగస్టులో ఫ్లోరిడా అక్వేరియములోని తొట్లలో అవి మొదటిసారి గ్రుడ్లు విడిచినవి. వానిపై ఆ రాత్రులలో ప్రసరించినది చంద్రుని వెన్నెల కాదు, క్రమము తప్పక తగ్గుచు పెరుగుచు వచ్చిన ఎల్.ఇ.డి. వెలుగు.